ఒక బాక్సు, మూడు టీవీలు: గుంటూరు ఇంట్లో చేసిన పని, మధ్యలో బయటపడ్డ ఎర్త్ లోపం

ఇల్లు గుంటూరులో, జీ+1. కింద హాలు, పెద్దవాళ్ల పడకగది, వంటగది. పైన కొడుకు, కోడలి గది, దాని పక్కన అద్దెకిచ్చిన చిన్న పోర్షను. డాబా మీద 60 సెంటీమీటర్ల డీటీహెచ్ గొడుగు (డిష్), అక్కణ్నుంచి హాల్లోకి దిగిన ఒక్క కేబుల్, టీవీ కింద ఒక్క హెచ్‌డీ బాక్సు. హాల్లో 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ టీవీ ఉంది. పెద్దవాళ్ల గదిలో 32 అంగుళాల హెచ్‌డీ రెడీ, వంటగదిలో పాత 24 అంగుళాల ఎల్ఈడీ. ఇంటివాళ్లు అడిగింది ఇదీ: హాల్లో నడిచే బొమ్మే మిగతా రెండు గదుల్లోనూ రావాలి, ఎక్కడ కూర్చున్నవాళ్లు అక్కణ్నుంచే ఛానల్ మార్చుకోవాలి, నెలనెలా ఇంకో కనెక్షన్‌కి డబ్బు కట్టకూడదు.

వైరు కొలిచేముందే తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఒకే వేళకి రెండు గదుల్లో రెండు ఛానళ్లు కావాలా? కావాలంటే ఈ పని మొదలుపెట్టకూడదు. బాక్సు ఒక్కటే కాబట్టి ఎన్ని టీవీలకు లాగినా ఒకే ఛానల్ వస్తుంది. ఈ ఇంట్లో వేళలు కాగితం మీద రాస్తే ఇలా తేలింది: తెల్లవారి ఐదున్నర నుంచి ఏడు దాకా పెద్దవాళ్ల గదిలో ఎస్వీబీసీ, సాయంత్రం ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా సీరియళ్లు (హాల్లోనూ వంటగదిలోనూ అవే), ఆ తర్వాత హాలు ఒక్కటే. గొడవ వచ్చే చోటు పైగది. సీరియళ్ల వేళకే అక్కడ క్రికెట్ కావాలి. అందుకని పైగదిని ఈ పనిలోంచి తప్పించి, దానికి అదే కంపెనీ దగ్గర రెండో కనెక్షనే తీసుకోమని మొదటిరోజే చెప్పడం జరిగింది. అద్దె పోర్షను వాళ్లు కూడా ఒక వైరు అడిగారు. ఒక కనెక్షన్‌ను ఇంకో కుటుంబానికి లాగడం ఏ డీటీహెచ్ కంపెనీ షరతులూ ఒప్పుకోవు, అది కుదరదు.

అంతకుముందు ఎవరో ఒక ప్రయత్నం చేసి వదిలేశారు. గొడుగు నుంచి వచ్చే కేబుల్‌కి హాల్లోనే రెండు దారుల స్ప్లిటర్ పెట్టి, ఒక కొస బాక్సుకీ, రెండోది వంటగది టీవీ యాంటెన్నా సాకెట్‌కీ ఇచ్చారు. ఇది చాలా ఇళ్లలో కనిపించే తప్పే. గొడుగు ముందు బిగించి ఉండే, సిగ్నల్ అందుకునే డబ్బా ఎల్‌ఎన్‌బీ. అది కిందికి పంపే సిగ్నల్ 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ మధ్య ఉంటుంది. దాన్ని బాక్సు విప్పితేనే బొమ్మ. మామూలు టీవీ ట్యూనర్‌కి అది అందదు, అందినా విప్పలేదు. పైగా అదే కేబుల్ మీద బాక్సు పైకి 13 లేదా 18 వోల్టుల డీసీ పంపుతుంది. ఆ రెండు వోల్టేజీల తేడాతోనే ఎల్‌ఎన్‌బీ నిలువు తరంగాలా, అడ్డ తరంగాలా అన్నది ఎంచుకుంటుంది. రెండు బాక్సులకు మామూలు స్ప్లిటర్ పెడితే ఒకటి 13, ఇంకోటి 18 అడిగి కొట్టుకుంటాయి. అందుకే రెండు బాక్సులున్న ఇంటికి రెండు కొసల ఎల్‌ఎన్‌బీ కావాలి. ఇక్కడ అదృష్టం ఏమిటంటే ఆ స్ప్లిటర్ ఒక కొసకే డీసీ వదిలే రకం. రెండు వైపులా వదిలేదైతే 18 వోల్టులు నేరుగా వంటగది టీవీ ట్యూనర్‌లోకి పోయేవి. దాన్ని పీకేసి కేబుల్‌ని సూటిగా బాక్సుకి ఇవ్వగానే, స్ప్లిటర్ మింగుతున్న సుమారు 4 డెసిబెల్స్ తిరిగి వచ్చాయి. వాన పడితే హాలు టీవీలో బొమ్మ చదరాలుగా పగులుతోందన్న ఫిర్యాదు అక్కడితో చాలావరకు తగ్గింది.

బాక్సు వెనక రెండు అవుట్‌పుట్‌లున్నాయి: హెచ్‌డీఎంఐ ఒకటి, 3.5 మిల్లీమీటర్ల రంధ్రంలో ఏవీ ఒకటి. రెండూ ఒకేసారి పనిచేస్తాయా లేదా అన్నది ముందే చూసుకోవాలి. ఈ బాక్సులో పనిచేశాయి. దాంతో దారి తేలిపోయింది. పెద్దవాళ్ల గదికి హెచ్‌డీఎంఐ, వంటగదికి ఏవీని మాడ్యులేటర్‌లో (బొమ్మనీ మాటనీ టీవీ ఛానల్‌గా మార్చే డబ్బా) వేసి పాత కేబుల్ టీవీ నాటి ఆర్‌జీ-6 కేబుల్ మీద పంపడం. వంటగదిలో 24 అంగుళాల టీవీని దూరం నుంచి, అదీ పొయ్యి వైపు తిరిగి చూస్తారు. అక్కడ హెచ్‌డీ కోసం గోడ పగలగొట్టడం దండగ.

ముందు పెద్దవాళ్ల గది. హాలు టీవీ వెనక నుంచి ఆ గది టీవీ దాకా గోడలో పైపు ఉంది, కొలిస్తే 14 మీటర్లు, మధ్యలో రెండు వంపులు. పైపు బయటి కొలత 20 మిల్లీమీటర్లు, లోపల అంతకన్నా తక్కువే. హెచ్‌డీఎంఐ తల వెడల్పే దాదాపు 21. తల తెగ్గొట్టి లోపల లాగి మళ్లీ అతికించే వైరు కాదది. అందుకే హెచ్‌డీఎంఐని క్యాట్-6 (ఇంటర్నెట్‌కి వాడే ఎనిమిది పోగుల) వైరు మీద పంపే ఎక్స్‌టెండర్ జత తీసుకున్నాం. ఒక చివర పంపేది, రెండో చివర అందుకునేది. అందుకునేదానికి కరెంటు కూడా క్యాట్-6 మీదే పోతుంది, దాంతో ఆ గదిలో ఇంకో అడాప్టర్ అక్కర్లేదు. రిమోటు సిగ్నల్‌ని వెనక్కి తెచ్చే ఐఆర్ (రిమోటు వదిలే, కంటికి కనపడని వెలుగు) దారి ఉన్న జతే కొనాలి. అది లేనిది ఏడెనిమిది వందలు తక్కువకు వస్తుంది, తెచ్చాక మళ్లీ ఐఆర్ కోసం విడిగా వైరు లాగుకోవాలి.

వైర్‌లెస్ హెచ్‌డీఎంఐ పెట్టేయొచ్చు కదా అని ఇంట్లో కుర్రవాడు అడిగాడు. మధ్యలో రెండు తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, ఒక కాంక్రీటు దూలం. ఎదురెదురు గదుల్లో బాగా నడిచే ఆ డబ్బాలు ఇక్కడ నమ్మకంగా పనిచేయవు.

హెచ్‌డీఎంఐ వరస ఇలా: బాక్సు నుంచి అడాప్టర్ ఉన్న 1×2 హెచ్‌డీఎంఐ స్ప్లిటర్‌లోకి (ఒక దారి లోపలికి, రెండు బయటికి) అర మీటరు తీగ. స్ప్లిటర్ మొదటి కొస నుంచి మీటరున్నర తీగతో హాలు టీవీకి. రెండో కొస ఎక్స్‌టెండర్ పంపే డబ్బాకి, అక్కణ్నుంచి క్యాట్-6. కరెంటు లేని వై ఆకారపు జోడీ తీగలు వంద రూపాయలకు దొరుకుతాయి; వాటితో రెండు టీవీల్లో ఒక్కటే వెలుగుతుంది, లేదా రెండూ వెలగవు. బాక్సుకీ టీవీకీ మధ్య హెచ్‌డీసీపీ తాళం (బొమ్మను కాపీ చేయకుండా ఆపేది) మాట్లాడుకోవాలి కదా, ఇద్దరు ఒకేసారి జవాబిస్తే బాక్సు బొమ్మ ఆపేస్తుంది.

క్యాట్-6 లాగాక మొదటి తంటా అక్కడే వచ్చింది. ఎనిమిది లైట్ల టెస్టర్ పెడితే ఒకటి నుంచి ఎనిమిది దాకా వరసగా వెలిగాయి. బొమ్మ మాత్రం తెల్లటి చుక్కలతో మెరుస్తూ, పది నిమిషాలకోసారి నల్లబడుతోంది. జాక్ విప్పి చూస్తే రంగులు చూడ్డానికి ముచ్చటగా జతలు జతలుగా పేర్చి ఉన్నాయి: నారింజ జత 1-2, ఆకుపచ్చ జత 3-4, నీలం జత 5-6, గోధుమ జత 7-8. రెండు చివర్లా అదే వరస కాబట్టి టెస్టర్‌కి తప్పు దొరకదు, అది తీగ తెగిందా లేదా అన్నదే చూస్తుంది. కానీ ఎక్స్‌టెండర్ 3, 6 పిన్నులను ఒక జతగా, 4, 5 పిన్నులను ఇంకో జతగా వాడుతుంది. ఇక్కడ ఆ రెండు సిగ్నళ్లూ మెలి పడని తీగల మీద పోతూ ఒకదాన్లో ఒకటి దూరుతున్నాయి. టీ568బీ వరసలో మళ్లీ కొట్టాం: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. జాక్‌లోకి వెళ్లేముందు మెలిక విప్పిన తీగ 13 మిల్లీమీటర్లు దాటలేదు. చుక్కలు పోయాయి. తీగ కొనేటప్పుడు ఇంకో పరీక్ష: ఒక పోగును బ్లేడుతో గీరితే లోపల కూడా రాగి రంగే ఉండాలి. తెల్లగా కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. కరెంటు కూడా మోయాల్సిన ఈ పనికి అది వద్దు. ఈ తీగను ఇంట్లో ఇంటర్నెట్ రౌటర్‌కో, స్విచ్‌కో పొరపాటున కూడా గుచ్చకూడదు. రెండు డబ్బాల మధ్య సూటిగా ఉండాలంతే.

సెట్టింగుల్లో నాలుగు మార్పులు చేయకపోతే పని సగమే అయినట్టు. బాక్సు రిజల్యూషన్‌ను ఆటో నుంచి తీసి 1080ఐ మీద స్థిరంగా పెట్టాలి. మన హెచ్‌డీ ఛానళ్లు వచ్చేదే 1080ఐలో; 1080పీ పెడితే తీగ మీద వేగం రెట్టింపు అవుతుంది, 74.25 మెగాహెర్ట్జ్ క్లాక్ 148.5 అవుతుంది, బొమ్మ ఏమీ బాగుపడదు. ఆటోలో వదిలితే స్ప్లిటర్ ఒకసారి హాలు టీవీ మాట, ఇంకోసారి గది టీవీ మాట విని ఫుల్ హెచ్‌డీ టీవీకి కూడా 720 పంపిస్తుంది. ఆడియోను డాల్బీ నుంచి స్టీరియో పీసీఎంకి మార్చాలి. హాల్లో సౌండ్‌బార్ ఉందని డాల్బీ పెట్టి ఉంచారు, పెద్దవాళ్ల గది టీవీలో బొమ్మ వచ్చి మాట రాకపోవడానికి కారణం అదే.

మూడోది హెచ్‌డీఎంఐ సీఈసీ. దీన్ని శామ్‌సంగ్‌లో ఎనీనెట్ ప్లస్ అంటారు, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్. హాలు టీవీ ఆపగానే అది బాక్సుని కూడా నిద్రపుచ్చేది; తెల్లారి పెద్దవాళ్ల గదిలో నల్ల తెర. రెండు టీవీల్లోనూ ఆపేయడం జరిగింది. నాలుగోది వాల్యూమ్. బాక్సు రిమోటుతో తగ్గించే శబ్దం అన్ని గదుల్లోనూ తగ్గుతుంది. కాబట్టి బాక్సు శబ్దాన్ని పూర్తిగా పెంచేసి, ఇకమీదట శబ్దం ఏ గదిలో ఆ టీవీ రిమోటుతోనే అని చెప్పాలి. చెబితే సరిపోదు. మూడు బాక్సు రిమోట్ల మీదా పవర్ బటన్‌కీ వాల్యూమ్ బటన్లకీ ఇన్సులేషన్ టేపు ముక్క అంటించాం. ఇది చూడ్డానికి మొరటు పనే. ఫిర్యాదుల్లో సగం ఆ టేపు ముక్కతోనే ఆగిపోతాయి.

ఒక టీవీ ఆన్ చేస్తే రెండో టీవీలో రెండు మూడు సెకన్లు బొమ్మ పోయి రావడం ఉంటుంది. స్ప్లిటర్ మళ్లీ తాళం మాట్లాడుకోవడం అది. లోపం కాదని ముందే చెప్పేయాలి.

వంటగది వైపు దూరం 11 మీటర్లు. ఏవీ అవుట్ నుంచి మాడ్యులేటర్‌కి పసుపు, ఎరుపు, తెలుపు జాకుల తీగ. ఇక్కడ ఒక చిన్న ఉచ్చు: 3.5 మిల్లీమీటర్ల పిన్నుకి నాలుగు పట్టీలుంటాయి, ఎర్త్ మూడో పట్టీలో ఉన్న తీగలూ నాలుగో దాన్లో ఉన్న తీగలూ రెండూ బజార్లో ఉన్నాయి. తప్పు తీగ పెడితే బొమ్మ బదులు మెలికలు తిరిగే నలుపు తెలుపు గీతలు, స్పీకర్‌లో బుర్రుమనే మోత. బాక్సుతో వచ్చిన తీగే వాడాలి, లేదా మల్టీమీటర్ కంటిన్యుటీతో పట్టీలు చూసుకుని కొనాలి.

మాడ్యులేటర్ శబ్దాన్ని ఏ తేడాతో పంపుతుందో కూడా చూడాలి. మన పాత ఎనలాగ్ పద్ధతి పాల్ బీ/జీ, బొమ్మకీ మాటకీ తేడా 5.5 మెగాహెర్ట్జ్. చైనాకి చేసినవి 6.5, బ్రిటన్‌కి చేసినవి 6.0. వాటిని పెడితే బొమ్మ శుభ్రంగా వచ్చి మాట బదులు బుస వినిపిస్తుంది. కొన్నిట్లో వెనక చిన్న స్విచ్ ఉంటుంది, అది బీ/జీ వైపు ఉండాలి. టీవీ మెనూలో ఎనలాగ్ ట్యూనింగ్ అన్న మాట కనిపించకపోతే ఈ దారి మూసుకుపోయినట్టే. ఈ పాత టీవీలో ఉంది.

ఫ్యాక్టరీ నుంచి మాడ్యులేటర్ ఛానల్ 3 మీద వచ్చింది, 55.25 మెగాహెర్ట్జ్. మిక్సీ వేయగానే తెర నిండా చుక్కల గీతలు. మిక్సీ మోటారు బ్రష్షుల నిప్పురవ్వల గోల ఆ కింది ఫ్రీక్వెన్సీల్లోనే ఎక్కువ. మాడ్యులేటర్‌ని యూహెచ్‌ఎఫ్ ఛానల్ 30కి, అంటే 543.25 మెగాహెర్ట్జ్‌కి మార్చి టీవీలో మళ్లీ వెతికిస్తే మిక్సీ జాడ పోయింది. పై ఫ్రీక్వెన్సీలో కేబుల్ ఎక్కువ మింగుతుంది నిజమే, కానీ 11 మీటర్ల ఆర్‌జీ-6 ఆ చోట మింగేది రెండు డెసిబెల్స్ లోపే. మాడ్యులేటర్ సుమారు 70 డెసిబెల్ మైక్రోవోల్ట్ ఇస్తుంది, టీవీకి 60 నుంచి 80 మధ్య ఏది అందినా హాయిగా పట్టుకుంటుంది. మధ్యలో యాంప్లిఫయర్ అక్కర్లేదు. పెడితే పొంగి బొమ్మ పాడవుతుంది.

పాత కేబుల్ చివర్లు రెండూ కోసి కొత్త ఎఫ్ కనెక్టర్లు వేశాం. కేబుల్ లోపలి లోహపు జాలీని వెనక్కి మడిచి, నడిమి రాగి తీగ కనెక్టర్ అంచు దాటి మూడు మిల్లీమీటర్లకు మించకుండా కోయాలి. జాలీలోని వెంట్రుకంత పోగు ఒకటి నడిమి తీగకి తగిలితే చాలు, తెర మంచు పట్టినట్టు అవుతుంది.

ఇక రిమోటు. బొమ్మ పంపడం తేలిక, ఛానల్ మార్చే దారే ఎక్కువ ఓపిక అడుగుతుంది. పెద్దవాళ్ల గదిలో ఎక్స్‌టెండర్‌కి ఐఆర్ కన్ను గుచ్చాలి, హాల్లో పంపే డబ్బాకి ఎమిటర్ (ఆ కిరణాలను మళ్లీ వదిలే బుల్లి బల్బు) గుచ్చాలి. రెండిటికీ 3.5 జాకే, చూడ్డానికి కవలలు. కన్ను పిన్నుకి మూడు పట్టీలు, ఎమిటర్ పిన్నుకి రెండు. తారుమారైతే ఏదీ పాడవదు గానీ ఏదీ పనిచేయదు. ఎమిటర్ వెలుగుతోందా అన్నది కంటికి తెలియదు. ఫోన్ ముందు కెమెరాలో చూస్తూ గదిలో ఎవరినైనా రిమోటు నొక్కమంటే లేత ఊదారంగు మిణుకు కనిపిస్తుంది. వెనక కెమెరాల్లో చాలావాటికి ఆ వెలుగును ఆపే ఫిల్టర్ ఉంటుంది.

బాక్సు ముందు నల్ల ప్లాస్టిక్ వెనక కన్ను ఎక్కడుందో టార్చి వేసి ఏటవాలుగా చూస్తే గుండ్రటి మచ్చలా కనిపిస్తుంది. ఎమిటర్‌ని దాని మీద పూర్తిగా మూయకుండా పక్కకి అంటించాలి, లేకపోతే హాల్లో రిమోటు పనిచేయదు. పెద్దవాళ్ల గది టీవీ, హాలు టీవీ ఒకే బ్రాండు కావడంతో ఇంకో తమాషా: పెద్దావిడ తన టీవీ శబ్దం తగ్గిస్తే హాల్లో కూడా తగ్గింది. టీవీ రిమోటు కిరణాలు కూడా అదే దారిలో హాల్లోకి వచ్చి ఎమిటర్ నుంచి టీవీ మీద పడుతున్నాయి. ఎమిటర్ వెనకా పక్కలా నల్ల టేపు చుట్టి వెలుగు బాక్సులోకే పోయేలా చేశాక ఆగింది.

వంటగదికి విడిగా ఐఆర్ రిపీటర్ కిట్టు, కన్ను మూడు తీగల మీద: 5 వోల్టులు, సిగ్నల్, ఎర్త్. 11 మీటర్లకి మిగిలిన క్యాట్-6 ముక్కలోంచే మూడు పోగులు వాడాం. వారం తర్వాత పొద్దున ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా వంటగది రిమోటు పనిచేయట్లేదన్నారు. ఆ వేళకి తూర్పు కిటికీ ఎండ సూటిగా కన్ను మీద పడుతోంది. మూడు సెంటీమీటర్ల నల్ల పైపు ముక్కలో కన్ను కూర్చోబెట్టి, మూతి పొయ్యిగట్టు వైపు తిప్పితే తీరింది.

అసలు తంటా వంటగది తెర మీద వచ్చింది. తెల్లవారుజామున అడ్డంగా వెడల్పాటి మసక పట్టీ ఒకటి, కిందినుంచి పైకి నింపాదిగా పాకుతూ. పగలంతా కనీకనపడకుండా ఉంటుంది. "వేణ్నీళ్లు పెట్టుకున్నప్పుడే వస్తోందండీ" అని కోడలు చెప్పిన మాటే మొదటి ఆనవాలు.

పట్టీలు లెక్కపెట్టాలి. మన బొమ్మ సెకనుకి 50 సార్లు గీస్తుంది, కరెంటు కూడా 50 హెర్ట్జ్. ఒక్క పట్టీ ఉంటే 50 హెర్ట్జ్ గోల, అంటే ఎర్త్ దారిలోంచి వస్తోంది. రెండు పట్టీలుంటే 100 హెర్ట్జ్, అప్పుడు ఏదో అడాప్టర్‌లో కెపాసిటర్ పోయిందని అనుమానించాలి. గ్రిడ్ ఫ్రీక్వెన్సీ సరిగ్గా 50 మీద నిలబడదు, ఆ చిన్న తేడా వల్లే పట్టీ నిలవకుండా పాకుతుంది. ఇక్కడ ఒక్క పట్టీ. అడాప్టర్ల జోలికి వెళ్లనక్కర్లేదు.

బాక్సు మెనూ తెర మీద పెట్టి గొడుగు కేబుల్ పీకితే పట్టీ కదల్లేదు. గొడుగుది కాదన్నమాట. కేబుల్ తిరిగి పెట్టి బాక్సు వెనక హెచ్‌డీఎంఐ పీకితే పట్టీ మాయం. మళ్లీ గుచ్చితే ప్రత్యక్షం. అంటే హాలు టీవీ ఎర్త్ పిన్ను నుంచి హెచ్‌డీఎంఐ తీగ మీదుగా బాక్సుకి, అక్కణ్నుంచి సన్నటి ఏవీ తీగ ఎర్త్ మీదుగా మాడ్యులేటర్‌కి, ఆర్‌జీ-6 జాలీ మీదుగా వంటగది టీవీకి, దాని ఎర్త్ పిన్నులోకి కరెంటు నడుస్తోంది. బొమ్మ పాడయ్యేది ఏవీ తీగ దగ్గర. అక్కడ మొత్తం వీడియో సిగ్నలే ఒక వోల్టు. సన్నటి ఎర్త్ పోగులో అర ఆంపియర్ నడిచి 50 మిల్లీవోల్టులు కలిసినా తెర మీద పట్టీ కడుతుంది.

వంటగది టీవీ నుంచి ఆర్‌జీ-6 ఊడదీసి, కనెక్టర్ లోహానికీ టీవీ సాకెట్ లోహానికీ మధ్య ఏసీ వోల్టులు కొలిచాం. గీజర్ ఆఫ్‌లో 0.3, ఆన్‌లో 2.4. ఇక్కడ చాలామంది ఎఫ్ కనెక్టర్ల మధ్య ఒక ఐసొలేటర్ బిగించి వెళ్లిపోతారు. జాలీ దారి తెగిపోతుంది, పట్టీ పోతుంది, ఇంటివాళ్లు సంతోషిస్తారు. కానీ ఒకే ఇంట్లో రెండు ఎర్త్ పిన్నుల మధ్య రెండు వోల్టులకు పైగా ఎందుకుందో తెలియకుండా దాన్ని మూసేయడం పెద్ద తప్పు.

హాలు సాకెట్‌లో కొలతలు: ఫేజ్-న్యూట్రల్ 231, ఫేజ్-ఎర్త్ 231, న్యూట్రల్-ఎర్త్ 0.0. గీజర్ వేసినా 0.0. ఈ సున్నా చూసి బాగుందనుకోకూడదు. గొయ్యి దాకా వెళ్లే నిజమైన ఎర్త్ అయితే లోడు పడ్డప్పుడు న్యూట్రల్‌తో కాస్తయినా తేడా చూపిస్తుంది. వంటగది సాకెట్‌లో చూపించింది కూడా, 0.8. హాల్లో ఎప్పుడూ సున్నా అంటే ఆ రెండు పిన్నులూ బోర్డులోనే కలిసి ఉన్నాయి. మెయిన్ ఆపి బోర్డు విప్పితే అదే: ఎర్త్ వైరు రాని సాకెట్‌కి న్యూట్రల్ నుంచే అంగుళంన్నర ఎర్ర తీగతో ఎర్త్ పిన్నుకి లూపు కొట్టి ఉంది. పెద్దవాళ్ల బాత్‌రూమ్ గీజర్ కూడా అదే న్యూట్రల్ మీద.

లెక్క కూడా సరిపోయింది. 2 కిలోవాట్ల గీజర్‌కి దాదాపు 8.7 ఆంపియర్లు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ కిలోమీటరుకి 12.1 ఓమ్‌లు, 20 మీటర్లకి 0.24. గుణిస్తే 2.1 వోల్టులు, మిగతాది జాయింట్లది. గీజర్ న్యూట్రల్ కరెంటులో ఒక వాటా టీవీ తీగల మీదుగా వంటగది ఎర్త్‌లోకి వెళ్తోందన్నమాట. ఆ న్యూట్రల్ ఎక్కడైనా వదులై ఊడితే హాలు టీవీ లోహం, బాక్సు, హెచ్‌డీఎంఐ తలలు, చివరికి డాబా మీద గొడుగు కూడా 230 వోల్టులకు ఎక్కి కూర్చుంటాయి.

మెయిన్ బోర్డులో ఇంకో ముక్క దొరికింది. 30 మిల్లీఆంపియర్లు కారితే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీని ఎవరో పక్కనబెట్టి వైర్లు నేరుగా కలిపేశారు. వానాకాలంలో ఊరికే పడిపోతోందని చేశారట. ఊరికే పడలేదు. హాలు బోర్డు లూపు నుంచి టీవీ, బాక్సు, గొడుగు కేబుల్ మీదుగా తడిసిన శ్లాబులోకి కరెంటు కారుతుంటే అది తన పని తాను చేసి ఉంటుంది.

ఇది టీవీ వైరింగ్ చేసేవాళ్లు ముట్టుకునే పని కాదు, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ని పిలిపించాం. లూపు తీసేసి మెయిన్ బోర్డు ఎర్త్ పట్టీ నుంచి హాల్లోకి 2.5 చదరపు మిల్లీమీటర్ల ఆకుపచ్చ తీగ లాగారు. గీజర్‌కి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల తీగ, సొంత ఎంసీబీ. ఆర్‌సీసీబీ తిరిగి దారిలోకి వచ్చింది, టెస్ట్ బటన్ నొక్కితే పడింది, గీజరూ మోటారూ కలిపి నడిపితే పడలేదు. అదే చోట మళ్లీ కొలిస్తే గీజర్ ఆన్‌లో 0.04 వోల్టులు. పట్టీ పోయింది, ఐసొలేటర్ సంచిలోంచి బయటికే రాలేదు.

బాక్సు ముట్టుకుంటే జిల్లుమంటోందని కొన్ని ఇళ్లలో చెప్పేది వేరే సంగతి. రెండు పిన్నుల అడాప్టర్‌లోని చిన్న కెపాసిటర్ వల్ల బాక్సు లోహం మీద మల్టీమీటర్ 90, 100 వోల్టులు చూపిస్తుంది, నడిచే కరెంటు పావు మిల్లీఆంపియర్ లోపే. మనిషికి ప్రమాదం లేదు. కానీ కరెంటు ఉండగా హెచ్‌డీఎంఐ గుచ్చితే పోర్టులు కాలేది దీనివల్లే. గుచ్చేటప్పుడూ పీకేటప్పుడూ అన్ని ప్లగ్గులూ గోడ నుంచి తీసేయాలి.

సామాను ఖర్చు: స్ప్లిటర్ రూ.900, ఎక్స్‌టెండర్ జత రూ.3,200, మాడ్యులేటర్ రూ.1,100, ఐఆర్ కిట్టు రూ.650, క్యాట్-6 రూ.560, జాకులూ కనెక్టర్లూ రూ.250. మొత్తం రూ.6,660, కూలీ విడి, ఎలక్ట్రీషియన్ పని విడి. అదనపు కనెక్షన్ నెలకు రెండొందలనుకుంటే ముప్పైమూడు నెలలకు సామాను తిరిగి వస్తుంది. వంటగది వరకైతే ఇది కళ్లు మూసుకుని చేయొచ్చు, రెండు వేల లోపు పని. పెద్దవాళ్ల గది దగ్గరే తూచుకోవాలి: రేపు వాళ్లు రాత్రి కూడా భక్తి ఛానలే కావాలంటే ఈ ఎక్స్‌టెండర్ ఖర్చు వృథా. ఉచిత ఛానళ్లతో సరిపోయేవాళ్లకి ఆ గదిలో డీడీ ఫ్రీ డిష్ బాక్సు ఒకటి చాలు, నెలనెలా కట్టేదేమీ లేదు. సన్ డైరెక్ట్ ఉన్న ఇళ్లకి ఇంకా తేలిక. ఆ రెండూ 93.5 డిగ్రీల తూర్పునే ఉంటాయి కాబట్టి గొడుగు మార్చకుండా రెండు కొసల ఎల్‌ఎన్‌బీతో సరిపెట్టుకోవచ్చు.

హాలు టీవీ స్టాండు తలుపు లోపలి వైపు ఒక కాగితం అంటించి వచ్చాం. బాక్సు 1080ఐ, పీసీఎం, శబ్దం పూర్తి. మాడ్యులేటర్ ఛానల్ 30, బీ/జీ. క్యాట్-6 టీ568బీ, రౌటర్‌కి గుచ్చరాదు. వంటగది కన్ను: నారింజ 5 వోల్టులు, ఆకుపచ్చ సిగ్నల్, గోధుమ ఎర్త్. కింద తేదీ, ఆ రోజు హాలు సాకెట్‌లో గీజర్ ఆన్ చేసి కొలిచిన న్యూట్రల్-ఎర్త్: 0.7 వోల్టులు.